షిస్టు పట్టీ ఎంత లోతుకు దిగింది? ప్రాచీన భూపటలంపై గ్రావిటీ, అయస్కాంత సర్వే చేసే పద్ధతి

ఆర్కియన్ కాలపు నైస్‌ల (చారలున్న గట్టి రూపాంతర శిలల) మధ్య ఇరుకుగా, పొడవుగా సాగే షిస్టు (పొరలుగా విడిపోయే రూపాంతర శిల) పట్టీ ఒకటి మీ భూగర్భ పటంలో ఉంది. అది ఎంత లోతుకు దిగిందో, దాని కింద భూపటలం ఎంత మందంగా ఉందో మీరు తెలుసుకోవాలి. ఈ పని చేపట్టిన విద్యార్థులు నన్ను అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి: ఏ పరికరం తీసుకెళ్లాలి, ఎన్ని చోట్ల రీడింగ్ తీయాలి, వచ్చిన అంకెల నుంచి లోతును ఎలా రాబట్టాలి? ఒక్కొక్కరికీ విడిగా చెబుతూ వచ్చిన సమాధానాన్ని ఇక్కడ ఒక వరుసలో పెడుతున్నాను. 250 కోట్ల ఏళ్లకు పైబడిన ఇలాంటి శిలలు దక్షిణ భారతంలోని ధార్వార్‌లోనూ, దక్షిణాఫ్రికాలోని కాప్‌వాల్‌లోనూ, కెనడాలోని సుపీరియర్ ప్రాంతంలోనూ, ఆస్ట్రేలియాలోని పిల్‌బరాలోనూ ఉన్నాయి. ఎక్కడైనా పద్ధతి ఇదే.

ఒక సంగతి ముందే తెలుసుకోండి. గ్రావిమీటర్ లోతును కొలవదు. అది గురుత్వాకర్షణలోని అతి చిన్న తేడాను మాత్రమే కొలుస్తుంది. ఆ తేడాను లోతుగా మార్చేది మీరు ఎంచుకున్న సాంద్రత. అందుకే ఈ మార్గదర్శిలో పరికరం కన్నా రాయికీ, ఎత్తుకూ ఎక్కువ చోటు ఇచ్చాను.

కావలసినవి

- 0.01 మిల్లీగాల్ (గురుత్వాన్ని కొలిచే చిన్న ప్రమాణం) వరకు నమ్మదగిన గ్రావిమీటర్. క్వార్ట్జ్ స్ప్రింగుతో పనిచేసే ఆటోమేటిక్ పరికరమైనా, పాత లాకోస్ట్ రోంబర్గ్ అయినా సరిపోతుంది.
- రెండు మాగ్నెటోమీటర్లు (అయస్కాంత క్షేత్రాన్ని కొలిచేవి): ఒకటి కదలకుండా ఒకే చోట ఉండటానికి, రెండోది నడుస్తూ కొలవటానికి.
- రెండు ఫ్రీక్వెన్సీల జీఎన్ఎస్ఎస్ (ఉపగ్రహాల సాయంతో స్థానం, ఎత్తు కొలిచే) రిసీవర్లు రెండు. ఫోన్‌లోని జీపీఎస్ దీనికి పనికిరాదు. ఎందుకో 6వ మెట్టులో చెబుతాను.
- సుత్తి, నమూనా సంచులు, కింద కొక్కెం ఉన్న డిజిటల్ త్రాసు, బకెట్టు, సన్నని నైలాన్ దారం.
- చేతిలో పట్టే ససెప్టిబిలిటీ మీటర్ (రాయి ఎంత తేలిగ్గా అయస్కాంతత్వం పొందుతుందో కొలిచేది).
- 1:50,000 స్థాయి భూగర్భ పటం, ఎత్తుల డిజిటల్ నమూనా.
- గట్టి అట్ట పుస్తకం, పెన్సిల్. పరికరం మెమరీలో అన్నీ నమోదవుతాయన్న ధీమాతో దీన్ని వదిలేయకండి. చెట్టు పక్కన, బావి గట్టు మీద, మట్టి తవ్విన చోట అనే వివరాలు ఆ మెమరీలో ఉండవు.

సొంత పరికరాలు లేనివారు 1, 9, 10 మెట్లను ఉచితంగా దొరికే డేటాతోనూ, 3వ మెట్టును ఒక త్రాసుతోనూ చేయవచ్చు. లోతు అంచనా అంత సూక్ష్మంగా రాదు గానీ పద్ధతి పూర్తిగా చేతికి వస్తుంది.

మెట్లు

1. ముందుగా ఉన్న డేటాను చూడండి. ప్రపంచవ్యాప్త బూగే పటం (ఎత్తు, దాని కింది రాతి పలక ప్రభావాలను తీసేసిన గురుత్వ పటం) డబ్ల్యూజీఎం2012, గురుత్వ నమూనా ఈజీఎం2008, అయస్కాంత పటం ఈమ్యాగ్2 ఉచితంగా లభిస్తాయి. వీటిని మీ భూగర్భ పటం మీద పరచి చూస్తే పట్టీ మీద గురుత్వం ఏ మేరకు పెరుగుతుందో, ఆ పెరుగుదల పటంలోని హద్దుల దగ్గరే ఆగుతుందో లేక పక్కకు జరిగి ఉందో తెలుస్తుంది. అది పక్కకు జరిగి ఉంటే ఆ వైపున పట్టీ నైస్ కింద వాలి ఉండవచ్చు. మీ ప్రొఫైల్‌ను (కొలతలు తీసే గీతను) ఆ వైపు ఎక్కువ దూరం పొడిగించాలి. ఒక హెచ్చరిక: ఈ ప్రపంచ పటాల్లో నేల మీద కొలతలు లేని చోట్ల ఖాళీలను ఉపగ్రహ డేటాతోనూ, ఎత్తుల నుంచి లెక్కగట్టిన అంచనాలతోనూ నింపుతారు. ఉపగ్రహాలకు పదుల కిలోమీటర్ల కన్నా చిన్నవి కనిపించవు. కాబట్టి ఐదు కిలోమీటర్ల వెడల్పున్న పట్టీ ఆకారాన్ని ఆ పటం నుంచి చదవకండి.

2. ప్రొఫైల్ గీయండి. రాళ్ల సాగుదల దిశకు అడ్డంగా, వీలైనంత లంబంగా గీత ఉండాలి. రోడ్డు ఎటు పోతే అటు స్టేషన్లు పెట్టుకుంటూ పోవడం అందరూ చేసే తప్పు. రోడ్డు పట్టీని ఏటవాలుగా దాటితే అనామలీ (చుట్టుపక్కల కన్నా తేడాగా వచ్చే రీడింగ్‌ల ఉబ్బు లేదా గుంట) వెడల్పుగా కనిపిస్తుంది, వెడల్పైన అనామలీ లోతుగా కనిపిస్తుంది. రోడ్డు తప్ప దారి లేనప్పుడు స్టేషన్లను సాగుదలకు లంబంగా ఉన్న ఒక సరళరేఖ మీదికి ప్రక్షేపించి, ఆ తర్వాతే మోడల్ చేయండి.

నైస్ మీద స్టేషన్ల మధ్య 500 మీటర్ల నుంచి ఒక కిలోమీటరు దూరం చాలు. రెండు రాళ్లు కలిసే హద్దుకు అటూ ఇటూ రెండేసి కిలోమీటర్ల మేర 100, 200 మీటర్లకు తగ్గించండి. పట్టీ దాటగానే ఆపవద్దు. పట్టీ వెడల్పుకు కనీసం రెండింతల దూరం ఇరువైపులా నైస్ మీద కొలిస్తేనే 9వ మెట్టులో ప్రాంతీయ ధోరణిని వేరు చేయగలుగుతారు. ఇంధనం, సమయం మిగుల్చుకుందామని ఈ చివరలను కోసేసిన సర్వేలు చాలా చూశాను. వాటిని తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ బాగుచేయలేదు.

3. రాళ్లను తూచండి. చాలామంది ఈ మెట్టును దాటేసి పుస్తకంలోని పట్టిక నుంచి సాంద్రత ఎత్తి రాసుకుంటారు. మీ రాయిని మీరు తూచకుండా లోతు గురించి మాట్లాడటం నేల విడిచి సాము చేయడమే.

పద్ధతి చాలా సులభం. పిడికిలికి మించిన తాజా రాతి ముక్కను తీసుకోండి. దాన్ని గాలిలో తూచండి. తర్వాత నైలాన్ దారంతో త్రాసు కింది కొక్కేనికి వేలాడదీసి, బకెట్టులోని నీటిలో పూర్తిగా ముంచి, అంచులకూ అడుగుకూ తగలకుండా చూసుకుని మళ్లీ తూచండి. గాలిలో బరువును రెండు బరువుల తేడాతో భాగిస్తే సాంద్రత వస్తుంది. ఉదాహరణకు ఒక నైస్ ముక్క గాలిలో 642 గ్రాములు, నీటిలో 406 గ్రాములు తూగిందనుకోండి, తేడా 236, సాంద్రత 2.72. ముంచిన తర్వాత రాతిని అంటుకున్న గాలి బుడగలను వేలితో తుడిచి, త్రాసు అంకె నిలకడగా ఆగేదాకా ఉండండి. ఒక్క చిన్న బుడగ మూడో అంకెను చెడగొడుతుంది.

ఒక్కో రాతి రకానికి కనీసం 15, 20 ముక్కలు తూచి, సగటుతో పాటు వాటి వ్యాప్తిని కూడా రాసుకోండి. మామూలుగా గ్రానైట్ 2.60 నుంచి 2.70, నైస్ 2.65 నుంచి 2.75, యాంఫిబొలైట్ 2.9 నుంచి 3.1 మధ్య వస్తాయి. పట్టెల ఇనుప శిల 3.2 కూడా దాటుతుంది. మీ అంకెలు వీటికి దూరంగా ఉంటే ముందు రాయిని అనుమానించండి. ప్రాచీన భూభాగాల్లో పై పొర చాలా చోట్ల పదుల మీటర్ల మేర శిథిలమై ఉంటుంది. సుత్తితో కొడితే ఖంగుమనకుండా దబ్బుమనే రాయి తాజాది కాదు. దాని సాంద్రత 2.4 వచ్చినా ఆశ్చర్యం లేదు, లోపలి నైస్‌తో దానికి సంబంధమూ లేదు. క్వారీలు, కొత్తగా కోసిన రోడ్డు గట్లు, బోరు తవ్విన చోటి రాతి ముక్కలు నమూనాలకు మంచి చోట్లు.

పట్టీలో అల్ట్రామాఫిక్ (ఇనుము, మెగ్నీషియం చాలా ఎక్కువున్న) రాళ్లు ఉంటే మరింత జాగ్రత్త అవసరం. పెరిడొటైట్ తాజాగా ఉన్నప్పుడు 3.3 దాకా తూగుతుంది. అదే రాయి నీటితో చర్య జరిపి పూర్తిగా సర్పెంటినైట్‌గా మారితే సాంద్రత 2.6 దగ్గరకు పడిపోతుంది. ఆ మార్పులోనే మాగ్నెటైట్ పుట్టడం వల్ల అయస్కాంతత్వం మాత్రం పెరుగుతుంది. గ్రావిటీ తక్కువ, అయస్కాంత స్పందన ఎక్కువ ఉన్న చోటు కనిపిస్తే దాన్ని గ్రానైట్ అని రాసే ముందు ఈ సంగతి గుర్తుకు తెచ్చుకోండి.

నమూనాలు తూచే రోజే ప్రతి ముక్క మీద ససెప్టిబిలిటీ మీటర్‌తో ఐదారు చోట్ల కొలిచి రాసుకోండి. తర్వాత అదే ముక్కను వెతుక్కోవాల్సిన అవసరం ఉండదు.

4. బేస్ స్టేషన్, లూప్. గట్టి రాయి లేదా కాంక్రీటు మీద, వాహనాల అదురు తగలని చోట బేస్ పెట్టుకోండి. రోజు మొదటి రీడింగ్, చివరి రీడింగ్ అక్కడే తీయాలి. మధ్యలో కూడా రెండు మూడు గంటలకు ఒకసారి తిరిగి రావాలి. స్ప్రింగు సాగే గుణం వల్ల పరికరం రీడింగ్ కాలంతో జరుగుతుంది. దీన్నే డ్రిఫ్ట్ అంటాం. చంద్రసూర్యుల ఆకర్షణ వల్ల గురుత్వం ఒక రోజులోనే 0.3 మిల్లీగాల్ దాకా మారుతుంది కాబట్టి ముందు ఆ అలల ప్రభావాన్ని తీసేసి, మిగిలిన తేడాను మాత్రమే డ్రిఫ్ట్‌గా లెక్కించండి. బేస్ దగ్గర ఉదయం 8:10కీ 11:40కీ మధ్య 0.042 మిల్లీగాల్ తేడా మిగిలితే గంటకు 0.012 చొప్పున మధ్యలోని స్టేషన్లకు పంచాలి. తేడా 0.05 దాటితే పంచవద్దు. ఆ లూప్‌ను మళ్లీ చేయండి. అంత తేడా నిదానంగా వచ్చిందో, దారిలో ఎక్కడో పరికరానికి కుదుపు తగిలి ఒక్కసారిగా వచ్చిందో చెప్పే ఆధారం మీ దగ్గర ఉండదు.

5. స్టేషన్ దగ్గర రీడింగ్. పరికరాన్ని వాహనం నుంచి దించి, ముక్కాలిపీట మీద పెట్టి, లెవెల్ చేసిన తర్వాత కొన్ని నిమిషాలు ఆగండి. వెంటనే తీసిన మొదటి రీడింగ్ రవాణా కుదుపు నుంచి ఇంకా తేరుకోని పరికరం ఇచ్చేది. ఒక్కోటి ఒక నిమిషం చొప్పున మూడు రీడింగ్‌లు తీసి, అవి 0.01 లోపల కలిస్తే ముందుకు సాగండి. గాలి వీస్తుంటే చెట్టు నీడన పెట్టాలనిపిస్తుంది, కానీ చెట్టు ఊగినప్పుడు వేళ్లు నేలను కదిలిస్తాయి. పరికరం తెర మీద ప్రామాణిక విచలనం అమాంతం పెరగడం మీకే కనిపిస్తుంది. పది అడుగులు బయటికి వచ్చి గొడుగు అడ్డం పెట్టుకోవడం మేలు. దూరంలో పెద్ద భూకంపం వచ్చిన రోజున గంటల తరబడి రీడింగ్ నిలవదు. పరికరం పాడైందని కంగారు పడకుండా ఆ పూట రాళ్లు తూచుకోండి.

నేల నుంచి పరికరం ఎత్తును ప్రతి చోటా కొలిచి రాయండి. స్టేషన్‌కు 50 మీటర్ల లోపల గుట్ట, కాలువ, క్వారీ గొయ్యి ఉంటే వాటి ఎత్తు, దూరం చూపే చిన్న బొమ్మ పుస్తకంలో గీయండి. దగ్గరి ఎగుడుదిగుళ్లు ఎత్తుల డిజిటల్ నమూనాలో ఉండవు, గ్రావిటీలో ఉంటాయి.

6. ఎత్తులు. గ్రావిటీ సర్వేలో పరికరం కన్నా ఎత్తు వల్లే ఎక్కువ తప్పులు దొర్లుతాయి. నేల నుంచి పైకి పోయేకొద్దీ గురుత్వం మీటరుకు 0.3086 మిల్లీగాల్ తగ్గుతుంది; మధ్యలో ఉన్న 2.67 సాంద్రత గల రాతి పలక ప్రభావం 0.1119 కలుస్తుంది, నికరంగా మీటరుకు సుమారు 0.197. అంటే 10 సెంటీమీటర్ల తప్పుకు 0.02 మిల్లీగాల్, 5 మీటర్ల తప్పుకు దాదాపు ఒక మిల్లీగాల్. ఫోన్ జీపీఎస్ ఎత్తులో అంతకన్నా పెద్ద తప్పు సర్వసాధారణం. ఉచితంగా దొరికే ఎత్తుల నమూనాల్లోనూ కొన్ని మీటర్ల తేడా ఉంటుంది కాబట్టి వాటిని భూరూప దిద్దుబాటుకే వాడండి. స్టేషన్ ఎత్తుకు వాడవద్దు.

నేను పని నేర్చుకుంటున్న రోజుల్లో ఒక ప్రొఫైల్ మీద వరుసగా ఆరు స్టేషన్లలో 0.4 మిల్లీగాల్ మెట్టు కనిపించింది. నిట్టనిలువు భ్రంశం (రాయి విరిగి జరిగిన చోటు) దొరికిందని మురిసిపోయి సెక్షన్‌లో (నేల నిలువుకోత బొమ్మలో) ఎర్ర గీత కూడా గీశాను. రెండు వారాల తర్వాత ఎత్తుల పుస్తకం తిరగేస్తే, ఆ మధ్యాహ్నం వేరే బెంచ్‌మార్క్ (ఎత్తు ముందే తెలిసిన గుర్తు) నుంచి ఎత్తులు తెచ్చామనీ, అది మొదటిదానితో పోలిస్తే రెండు మీటర్లు తేడాగా ఉందనీ తేలింది. రెండు మీటర్లను 0.197తో గుణిస్తే 0.39. ఆ భ్రంశం నేలలో కాదు, మా పుస్తకంలో ఉంది. అప్పటి నుంచి ఏ మెట్టు కనిపించినా ముందు దాన్ని 0.197తో భాగించి, వచ్చిన మీటర్ల అంకె ఎక్కడైనా తగులుతుందేమో చూడటం నాకు అలవాటైంది. మీరూ అలవాటు చేసుకోండి.

మరో చిక్కు కూడా ఉంది. జీఎన్ఎస్ఎస్ ఇచ్చేది దీర్ఘవృత్తజం (భూమి ఆకారానికి గణిత నమూనా) మీది ఎత్తు. పాత పటాలు, బెంచ్‌మార్క్‌లు ఇచ్చేది సగటు సముద్రమట్టం మీది ఎత్తు. ఈ రెండింటి తేడా కొన్ని ప్రాంతాల్లో వంద మీటర్ల దాకా ఉంటుంది. ఏది వాడినా ఫరవాలేదు, కానీ సర్వే అంతటా, పాత డేటాతో కలిపేటప్పుడు కూడా, ఒకటే వాడాలి.

7. అయస్కాంత కొలతలు. అదే ప్రొఫైల్ మీద 10, 20 మీటర్లకు ఒకటి చొప్పున కొలవండి. ఇది గ్రావిటీ కన్నా చాలా వేగంగా సాగుతుంది. స్థిరంగా ఉంచిన మాగ్నెటోమీటర్ కొన్ని సెకన్లకు ఒకసారి నమోదు చేస్తూ ఉంటే రోజువారీ మార్పును తీసేయవచ్చు. ప్రశాంతమైన రోజున అది పదుల నానోటెస్లాలు, అయస్కాంత తుఫాను రోజున వందలు. తుఫాను రోజున సర్వే ఆపండి, దిద్దుబాటుతో సరిపెట్టుకోవద్దు. కొలిచే మనిషి దగ్గర సుత్తి, ఫోన్, బెల్టు బకిల్, ఇనుప ముక్కున్న బూట్లు ఉండకూడదు. కంచెలు, కరెంటు తీగలు, వాహనాలు దగ్గరున్న రీడింగ్‌ల పక్కన అప్పటికప్పుడే గుర్తు పెట్టండి.

భూమి క్షేత్రాన్ని తీసేయడానికి ఐజీఆర్ఎఫ్ నమూనా వాడతాం. దాన్ని ఐదేళ్లకోసారి సవరిస్తారు కాబట్టి మీ సర్వే తేదీకి తగినదాన్ని తీసుకోండి.

అయస్కాంత మధ్యరేఖకు దగ్గరగా పనిచేసేవారికి ఒక ప్రత్యేక హెచ్చరిక. అక్కడ భూక్షేత్రం దాదాపు అడ్డంగా, ఉత్తర దక్షిణంగా ఉండటం వల్ల అయస్కాంతత్వం ఎక్కువున్న రాయి మీద రీడింగ్ పెరగడానికి బదులు తగ్గుతుంది. ఉత్తర దక్షిణాలుగా పొడవుగా సాగిన రాయి అయితే రెండు కొసల్లో తప్ప మధ్యలో దాదాపు కనిపించదు. పటంలో ఇనుప శిల ఉండి అనామలీ లేదంటే పరికరాన్ని తిట్టుకోకండి. ధ్రువానికి మార్చే గణితం (కొలతను ధ్రువం దగ్గర తీసినట్టుగా మార్చి చూపేది) కూడా ఇలాంటి చోట అస్థిరంగా మారి, పటం నిండా చారలు పుట్టిస్తుంది. దానికి బదులు కొలిచిన క్షేత్రాన్నే నేరుగా మోడల్ చేయడం మంచిది.

8. దిద్దుబాట్లు. వరుస ఇది: అలలు, డ్రిఫ్ట్, అక్షాంశం, ఎత్తు, బూగే పలక, భూరూపం. అక్షాంశ ప్రభావం 45 డిగ్రీల దగ్గర ఉత్తర దక్షిణంగా కిలోమీటరుకు 0.81 మిల్లీగాల్, మధ్యరేఖ వైపు, ధ్రువం వైపు తగ్గుతుంది. భూరూప దిద్దుబాటును 167 కిలోమీటర్ల దాకా లెక్కించడం ఆనవాయితీ. దీన్ని సాఫ్ట్‌వేర్ చేస్తుంది, కానీ 5వ మెట్టులో మీరు గీసిన బొమ్మలను కలపడం మీ పని.

9. ప్రాంతీయ ధోరణిని వేరు చేయండి. బూగే వక్రరేఖలో రెండు సంగతులు కలిసి ఉంటాయి: పట్టీ వల్ల వచ్చిన ఉబ్బు, భూపటలం మందం మెల్లగా మారడం వల్ల వచ్చిన వాలు. పట్టీకి ఇరువైపులా తెలిసిన నైస్ మీద ఉన్న స్టేషన్ల గుండా సరళరేఖనో, రెండో ఘాతపు వక్రాన్నో పంపి తీసేయండి. అంతకన్నా ఎక్కువ ఘాతం వాడితే ఆ వక్రం పట్టీ సంకేతాన్నే మింగడం మొదలుపెడుతుంది. తేలికైన పరీక్ష ఒకటుంది: ధోరణిని తీసేశాక నైస్ మీద మిగిలిన అంకెలు సున్నా చుట్టూ ఉండాలి; పట్టీకి ఆనుకుని ఇరువైపులా రుణాత్మక గుంటలు ఏర్పడితే మీరు అవసరానికి మించి తీసేశారు. అయితే పట్టీ అంచున తేలికైన గ్రానైట్ నిజంగానే ఉన్నప్పుడు కూడా గుంట వస్తుంది, కాబట్టి పటం చూడకుండా తీర్పు చెప్పవద్దు.

10. లోతును లెక్కించండి, కానీ ఒక్క అంకెగా కాదు. ముందు కాగితం మీద చేయండి. విశాలమైన పలకకు మందం మీటర్లలో, సాంద్రత తేడా గ్రాము ప్రతి ఘన సెంటీమీటరులో తీసుకుని, రెండింటి లబ్ధాన్ని 0.0419తో గుణిస్తే మిల్లీగాల్‌లు వస్తాయి. పట్టీ మీద 25 మిల్లీగాల్ మిగిలిందనుకుందాం. పట్టీ, నైస్‌ల సాంద్రత తేడా 0.22 అయితే మందం 2.7 కిలోమీటర్లు. తేడా 0.30 అయితే 2 కిలోమీటర్లే. 0.15 అయితే 4 కిలోమీటర్లు. 3వ మెట్టులో రాళ్లు తూచడం మీద అంత పట్టుబట్టింది ఇందుకే. పైగా ఇది అనంతంగా పరచుకున్న పలక లెక్క. నిజమైన పట్టీ ఇరుకు కాబట్టి అసలు మందం దీనికన్నా ఎక్కువే ఉంటుంది. అంటే మీ చేతిలో ఉన్నది కనిష్ఠ హద్దు.

ఆ తర్వాత కంప్యూటర్ మోడల్‌కు వెళ్లండి. ఉచిత సాధనాల్లో ఫటియాండో ఆ టెర్రా, సిమ్‌పెగ్ రెండూ పైథాన్‌లో పనిచేస్తాయి. నేల మీది హద్దులను పటం నుంచి, సాంద్రతలను మీ పుస్తకం నుంచి తీసుకుని స్థిరపరచి, కింది ఆకారాన్ని మాత్రమే మారనివ్వండి. అన్నింటినీ ఒకేసారి వదిలేస్తే ఇన్వర్షన్ (కొలతల నుంచి మోడల్‌ను రాబట్టే గణన) కొలతలకు అచ్చంగా సరిపోయే, రాయికి ఏమాత్రం సరిపోని చిత్రాన్ని సంతోషంగా ఇస్తుంది. వక్రరేఖలు 0.01 మిల్లీగాల్ దాకా కలిసినంత మాత్రాన మోడల్ నిజమైపోదు; మీ కొలతల్లోని అనిశ్చితి కన్నా దగ్గరగా కలిసిందంటే మీరు రాయితో పాటు పొరపాట్లను కూడా మోడల్ చేశారన్నమాట.

11. పట్టీ కిందికి దిగాలంటే. భూపటలం అడుగుదాకా చూడటానికి ఒక చిన్న ప్రొఫైల్ గ్రావిటీ చాలదు. మీ ముందు మూడు దారులున్నాయి.

మొదటిది, చవకైనది, దూరపు భూకంపాల రికార్డులు. ఒక్క బ్రాడ్‌బ్యాండ్ భూకంప స్టేషన్ ఏడాదో ఆపైనో పనిచేసి ఉంటే చాలు; చాలా స్టేషన్ల రికార్డులు బహిరంగంగా దొరుకుతాయి. 30 నుంచి 95 డిగ్రీల దూరంలో (భూకేంద్రం దగ్గర కొలిచిన కోణం) వచ్చిన, తీవ్రత 5.5 కన్నా పెద్ద భూకంపాలను ఎంచుకుని రిసీవర్ ఫంక్షన్లు (స్టేషన్ కింది హద్దుల దగ్గర తరంగం మారిన తీరును వేరుచేసి చూపేవి) గణించండి. మోహో (భూపటలం అడుగు) దగ్గర పీ తరంగం నుంచి పుట్టిన ఎస్ తరంగం కొన్ని సెకన్లు ఆలస్యంగా వస్తుంది. ప్రాచీన భూపటలంలో ఆ ఆలస్యాన్ని 8.4తో గుణిస్తే కిలోమీటర్లలో లోతు ఉజ్జాయింపుగా వస్తుంది, 4.5 సెకన్లకు దాదాపు 38. మెత్తటి అవక్షేపాల పొర లేనందువల్ల ఇలాంటి నేల మీద ఈ సంకేతం శుభ్రంగా వస్తుంది. చేయకూడని తప్పు ఏమిటంటే, పీ, ఎస్ వేగాల నిష్పత్తిని ఊహించుకుని లోతును ఒక్కటే రాబట్టడం. పునరావృత తరంగాలను (భూపటలంలో మళ్లీ ప్రతిఫలించి వచ్చినవాటిని) కూడా కలిపి ఆ నిష్పత్తినీ లోతునూ ఒకేసారి వెతకాలి. ఆ నిష్పత్తి 1.73 దగ్గరుంటే సిలికా ఎక్కువున్న భూపటలం, 1.8 దాటితే మాఫిక్ (ఇనుము, మెగ్నీషియం ఎక్కువున్న) రాళ్ల పాలు ఎక్కువ; దాన్నీ వదులుకోకండి.

రెండోది మాగ్నెటోటెల్యూరిక్, సహజ విద్యుదయస్కాంత తరంగాలతో లోతులోని విద్యుత్ నిరోధకతను కొలిచే పద్ధతి. సహజ విద్యుదయస్కాంత తరంగాలు ఎంత లోతుకు చొచ్చుకుపోతాయో చూడటానికి నిరోధకతను ఓం మీటర్లలో, ఆవర్తన కాలాన్ని సెకన్లలో తీసుకుని, రెండింటి లబ్ధానికి వర్గమూలం కట్టి సగం చేస్తే సుమారుగా కిలోమీటర్లు వస్తాయి. 1,000 ఓం మీటర్ల నేలలో 10 సెకన్ల తరంగం 50 కిలోమీటర్లకు దిగుతుంది. 10 ఓం మీటర్ల వాహక పొరలో అదే తరంగం 5 దగ్గరే క్షీణిస్తుంది. అందువల్ల వాహక పొర ఉన్నట్టు తెలుస్తుంది గానీ దాని అడుగు సరిగా తెలియదు. మందం, వాహకతల లబ్ధమే గట్టిగా దొరుకుతుంది. ప్రాచీన హద్దుల్లో వాహకత పెరగడానికి చాలాసార్లు గ్రాఫైట్, సల్ఫైడ్ ఖనిజాలు కారణం. ప్రతి వాహక గీతనూ నీరనో, కరిగిన రాయనో రాసేయవద్దు. విద్యుద్దీకరించిన రైలు మార్గాలకు వీలైనంత దూరంగా పెట్టండి, దూరంలో మరో స్టేషన్‌ను ఏకకాలంలో నడిపి దాని సాయంతో శబ్దాన్ని తగ్గించండి. పక్కపక్క స్టేషన్లలో నిరోధకత వక్రాలు ఒకదానికొకటి సమాంతరంగా పైకీ కిందికీ జరిగి ఉండి, ఫేజ్ మాత్రం ఒకేలా ఉంటే అది పైపొరలోని చిన్న మచ్చ చేసిన మాయ; దాన్ని లోతు నిర్మాణంగా మోడల్ చేయకండి.

మూడోది పేలుళ్లతో లేదా వైబ్రేటర్లతో చేసే లోతు భూకంప సర్వే. ఇది ఒక్కరు చేయగలిగే పని కాదు. మోహో 38 కిలోమీటర్ల లోతులో, పైన తరంగ వేగం సెకనుకు 6.4, కింద 8.1 కిలోమీటర్లు ఉందనుకుంటే, మోహో వెంట వచ్చిన తరంగం ముందుగా చేరడానికే 220 కిలోమీటర్ల దూరం కావాలి. ధార్వార్‌ను అడ్డంగా కోస్తూ కావలి నుంచి ఉడుపి దాకా 1970లలో చేసిన 600 కిలోమీటర్ల సర్వే, కెనడాలో 1984లో మొదలైన లిథోప్రోబ్ ఇలాంటివే. మీ ప్రాంతం దగ్గర ఇలాంటి గీత ఏదైనా పోతే కొత్తగా కొలవకుండా దాని ఫలితాన్నే మీ గ్రావిటీ మోడల్‌కు అడుగుగా పెట్టుకోండి.

12. ఫలితాన్ని సరిచూసుకోండి.

కొలతలను ముందు పరీక్షించండి. పది స్టేషన్లలో ఒకటి వేరే రోజున, వీలైతే వేరే మనిషితో మళ్లీ తీయించండి. ఆ తేడాల సగటే మీ నిజమైన అనిశ్చితి. పరికరం కరపత్రంలో రాసిన అంకె కాదు.

తర్వాత సాంద్రతను పరీక్షించండి. ప్రొఫైల్ మధ్యలో ఒకే రాతితో ఏర్పడిన గుట్ట ఉంటే 2.5 నుంచి 3.0 దాకా వేర్వేరు సాంద్రతలతో బూగే గీతలు గీయండి. గుట్ట ఆకారాన్ని అనుకరించకుండా, తలకిందులుగానూ చూపకుండా సాఫీగా పోయే గీత ఏ సాంద్రతది అయితే అదే ఆ గుట్ట సాంద్రత. త్రాసు చెప్పినదానికి ఇది దూరంగా ఉంటే నమూనాలు శిథిలమైనవో, గుట్ట ఒకే రాతిది కాదో తేల్చుకోండి.

మోడల్‌ను పరీక్షించడానికి నేను ఎక్కువగా నమ్మే పద్ధతి, దాన్ని ఓడించాలని చూడటం. పట్టీ గిన్నెలా ఉందని మీ మోడల్ చెబితే, ఒకవైపు వాలిన పలకలా ఉండే మరో మోడల్‌ను అంతే శ్రద్ధగా తయారుచేయండి. రెండూ కొలతలకు సరిపోతే మీకు తెలిసింది లోతు మాత్రమే, ఆకారం తెలియదు. నివేదికలో రెండు బొమ్మలూ పెట్టండి. మూడింట ఒక వంతు స్టేషన్లను దాచి, మిగతావాటితో మోడల్ చేసి, దాచినవాటిని అది ఎంతవరకు ఊహించగలిగిందో చూడటం కూడా మంచిదే.

లోతు భూపటలానికి మీరు పెట్టుకున్న సాంద్రతలు, వేగాలు సరైనవా అని చూడటానికి బోరు తవ్వనక్కర్లేని దారి ఒకటుంది. కొన్ని చోట్ల ప్రాచీన భూపటలం ఒరిగిపోయి, ఒకప్పుడు లోతున ఉన్న రాళ్లు ఇప్పుడు నేల మీద ఉన్నాయి. ధార్వార్‌లో ఉత్తరం నుంచి దక్షిణానికి నడిస్తే రూపాంతరం అంచెలంచెలుగా పెరిగి గ్రాన్యులైట్‌లకు (లోతున అధిక వేడిలో ఏర్పడిన రాళ్లకు) చేరుతుంది. కెనడాలోని కాపుస్కేసింగ్ కూడా ఇలాంటిదే. మధ్య, దిగువ భూపటలం అంకెలను అక్కడి రాళ్లను తూచి తీసుకోండి.

ఇక బోరు చెప్పిన తీర్పు సంగతి. బాల్టిక్ కవచంలో (ఉత్తర ఐరోపాలోని ప్రాచీన భూభాగంలో) రష్యాలోని కోలా ద్వీపకల్పం మీద 1970లో తవ్వడం మొదలుపెట్టిన రంధ్రం 1989లో 12,262 మీటర్లకు చేరింది. ఏడు కిలోమీటర్ల దగ్గర భూకంప తరంగాల వేగం మారడాన్ని చూసి, అక్కడ గ్రానైట్ ముగిసి బసాల్ట్ మొదలవుతుందని ముందుగా అనుకున్నారు. బసాల్ట్ రాలేదు. సుమారు 6.8 కిలోమీటర్ల కింద ఆర్కియన్ నైస్‌లే కొనసాగాయి. వేగం మారింది రాయి రకం వల్ల కాదు, రూపాంతరం వల్లా పగుళ్ల వల్లా అని తేలింది. హద్దు ఉన్న మాట నిజమే, దానికి పెట్టిన పేరే తప్పు. కాబట్టి మీ సెక్షన్‌లో కొలతల నుంచి వచ్చిన హద్దులను గట్టి గీతతో గీసి, వాటి కింద రాతి పేరు రాసిన చోట ఆ పేరుకు ఆధారం మీ నమూనానా, మరో సర్వేనా, లేక ఊహేనా అన్నది ఒక చిన్న గుర్తుతో పక్కనే చూపించండి.